జింగూ మైదానంలో కేయోతో ఆడేటప్పుడు వసేదా ఎప్పుడూ మొదటి బేస్ వైపే ఎందుకు కూర్చుంటుంది?

టోక్యోలోని మెయిజీ జింగూ మైదానంలో బిగ్ సిక్స్ లీగ్ (టోక్యోలోని ఆరు విశ్వవిద్యాలయాల బేస్‌బాల్ పోటీ) మ్యాచ్‌లు చూసేవాళ్లకు ఒక సంగతి తెలుసు. మిగతా జట్ల విషయంలో ఎవరిది ఏ బెంచ్ అన్నది షెడ్యూలును బట్టి మారుతుంది. వసేదా, కేయో విశ్వవిద్యాలయాలు తలపడినప్పుడు మాత్రం మారదు: వసేదా మొదటి బేస్ వైపు (బ్యాటర్ వెనక నుంచి చూస్తే కుడి), కేయో మూడో బేస్ వైపు (ఎడమ). ఆ మ్యాచ్‌లు సీజన్ చివరి వారాంతంలోనే జరుగుతాయి, ఆ వారాంతంలో వేరే జట్ల మ్యాచ్ ఉండదు. ఇలాంటి ఏర్పాట్లు చాలావరకు ఎవరో కూర్చుని ఆలోచించి రాసినవి కావు. ఒక్కోటీ ఒక్కో గొడవ నుంచో ఓటమి నుంచో పుట్టింది. వసేదా విశ్వవిద్యాలయ బేస్‌బాల్ క్లబ్ చరిత్రను ట్రోఫీల జాబితాగా చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. నాకు మాత్రం దాన్ని ఈ గొడవల వరసలో చెబితేనే అర్థవంతంగా అనిపిస్తుంది. (జపనీయుల పేర్లలో ఇంటిపేరు ముందు రాస్తున్నాను, అక్కడి పద్ధతి అదే.)

క్లబ్ పుట్టింది 1901లో. అప్పటికి ఆ విద్యాసంస్థకు వసేదా అన్న పేరు లేదు, టోక్యో సెన్మోన్ గక్కో అనేవారు. మరుసటి ఏడాదే వసేదా విశ్వవిద్యాలయం అయింది. క్లబ్ బాధ్యత తీసుకున్నవాడు అబే ఇసో. క్రైస్తవుడు, సోషలిస్టు, అధ్యాపకుడు. ఆటగాళ్లలో హషిదో, ఒషికావా కియోషి, పిచర్ (బంతి వేసేవాడు) కోనో అత్సుషి ముఖ్యులు. అప్పట్లో జపాన్‌లో బేస్‌బాల్ అంటే ఇచికో అనే ఉన్నత పాఠశాలదే రాజ్యం. కేయోకు కూడా వసేదా కన్నా పాత క్లబ్బే ఉంది. 1903 నవంబరు 5న వసేదా కుర్రాళ్లు కేయోకు ఉత్తరం రాశారు. భాష వినయంగానే ఉంటుంది, మాకు నేర్పండి అన్న ధోరణి. సారం మాత్రం సవాలే. నవంబరు 21న, మితాలోని కేయో మైదానంలో మొదటి మ్యాచ్ జరిగింది. కేయో 11, వసేదా 9. మరుసటి ఏడాది జూన్‌లో వరసగా రెండు రోజుల్లో మొదట వసేదా, తర్వాత కేయో ఇచికోను ఓడించాయి. పాత రాజ్యం అక్కడితో సరి. ఇక మిగిలింది ఈ రెండే.

అబే తన కుర్రాళ్లకు ఒక మాట ఇచ్చి ఉన్నాడు: ఇక్కడి జట్లన్నిటినీ గెలవండి, అమెరికా తీసుకెళ్తాను. వాళ్లు గెలిచారు. అప్పుడు రష్యాతో యుద్ధం నడుస్తోంది. యుద్ధకాలంలో ఆటల కోసం సముద్రం దాటడమేమిటన్న అభ్యంతరాలు లేకపోలేదు. అయినా విశ్వవిద్యాలయ స్థాపకుడు ఓకుమా షిగెనోబు ఒప్పుకోవడంతో 1905 ఏప్రిల్‌లో జట్టు ఓడ ఎక్కింది. విదేశానికి వెళ్లి ఆడిన మొదటి జపాన్ బేస్‌బాల్ జట్టు ఇదే. 26 మ్యాచ్‌లు ఆడి 7 గెలిచింది, 19 ఓడింది. దాదాపు అన్నిట్లోనూ బంతి వేసింది కోనో ఒక్కడే. అమెరికా పత్రికలు అతన్ని ఇనుప చెయ్యి ఉన్నవాడిగా వర్ణించాయి.

లెక్క చూస్తే ఘోరమైన యాత్ర. ఫలితం చూస్తే, జపాన్ ఆటనే మార్చిన యాత్ర. వాళ్లు తెచ్చుకున్నవి చాలా నిర్దిష్టమైనవి. మొదటిది వైండప్: బంతి వదిలేముందు చేతులు పైకెత్తి, బరువును వెనక కాలి మీదికి తీసుకుని, అక్కణ్ణుంచి ముందుకు ఊగి వేయడం. బలం భుజం ఒక్కదాని నుంచే కాకుండా ఒళ్లంతటి నుంచీ వస్తుంది. అయితే దానికి సమయం పడుతుంది. మొదటి బేస్‌లో రన్నర్ (అక్కడిదాకా చేరిన అవతలి జట్టు ఆటగాడు) ఉన్నప్పుడు వైండప్ చేస్తే వాడు రెండో బేస్ దొంగిలించేస్తాడు, అంటే ఆ సందులో పరిగెత్తి అక్కడికి చేరిపోతాడు, కాబట్టి అప్పుడు దాన్ని వదిలేసి కురచ కదలికతో వేయాలి. రెండోది స్క్వీజ్: మూడో బేస్‌లో రన్నర్, రెండు ఔట్లు ఇంకా పడలేదు. పిచర్ చేతి నుంచి బంతి వదులుతుండగా రన్నర్ హోమ్ (బ్యాటర్ నిలబడే చోటు, అక్కడికి చేరితే ఒక పరుగు) వైపు పరుగు తీస్తాడు, బ్యాటర్ బంతిని బలంగా కొట్టకుండా బ్యాట్‌తో ఆపి నేల మీదికి దింపుతాడు. బ్యాటర్ తప్పాడా, అతని వెనక ఉండే క్యాచర్ చేతిలో బంతి ఉంటుంది, రన్నర్ దారి మధ్యలో దొరికిపోతాడు. అందుకే సంకేతం ముగ్గురికీ ఒకేసారి అందాలి: కోచ్, రన్నర్, బ్యాటర్. వీటితో పాటు నెమ్మది బంతులు, గ్లవ్ వాడకం, మేకుల బూట్లు, మ్యాచ్‌కు ముందు క్రమపద్ధతిలో ఒళ్లు వేడెక్కించుకోవడం. తిరిగొచ్చాక హషిదో వీటన్నిటినీ అదే ఏడాది పుస్తకంగా రాసేశాడు. రహస్యంగా దాచుకుంటే ఒకటి రెండేళ్లు అందరినీ గెలిచేవాళ్లేమో. దాచుకోలేదు. ఆ పుస్తకమే వాళ్ల పెద్ద విజయమని నా అభిప్రాయం.

1906లో అసలు గొడవ. మూడు మ్యాచ్‌ల పోటీ. అక్టోబరు 28న మొదటిది కేయో 2-1తో గెలిచింది. కేయో విద్యార్థులు ఊరేగింపుగా ఓకుమా ఇంటి ముందుకు వెళ్లి బన్జాయ్ (జయహో) అని కేకలు వేశారు. నవంబరు 3న రెండోది వసేదా 3-0తో గెలిచింది. ఈసారి వసేదా విద్యార్థులు కేయో స్థాపకుడు ఫుకుజావా ఇంటి ముందు అదే పని చేశారు. మూడో మ్యాచ్‌కు రెండు వైపులా జనం సమీకరణ మొదలైంది. ప్రోత్సాహక బృందాలు కవాతు సైన్యాల్లా తయారవుతుండటంతో విశ్వవిద్యాలయాల పెద్దలు భయపడి మ్యాచ్ ఆపేశారు. నవంబరు 11న జరగాల్సిన ఆ మూడో మ్యాచ్ జరగనే లేదు. తర్వాత 19 ఏళ్లు రెండు జట్లూ ఎదురుపడలేదు.

ఎంత పట్టుదలంటే, 1914లో వసేదా, కేయో, మెయిజీ కలిసి మూడు జట్ల లీగ్ పెట్టుకున్నాయి. అందులో వసేదా మెయిజీతో ఆడింది, కేయో మెయిజీతో ఆడింది, వసేదా కేయోతో మాత్రం ఆడలేదు! 1917లో హోసే, 1921లో రిక్క్యో చేరాయి. అప్పటికీ అంతే. 1925లో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయం ఆరో జట్టుగా వస్తున్నప్పుడు ఈ విచిత్రం ఇక నడవదని మిగతావాళ్లు పట్టుబట్టారు. ఆ శరత్కాలంలో పోరు మళ్లీ మొదలైంది. 1925 అక్టోబరు 19న వసేదా 11-0తో గెలిచింది. అదే బిగ్ సిక్స్ లీగ్ పుట్టుక. మరుసటి ఏడాది జింగూ మైదానం తెరుచుకుంది.

కేయో లేని ఆ ఖాళీలో వసేదాకు ప్రత్యర్థిగా నిలిచింది షికాగో విశ్వవిద్యాలయం. అక్కడ ఆడి జపాన్ వచ్చిన ఫ్రెడ్ మెరిఫీల్డ్ వసేదా కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చాడు. ఆ పరిచయంతోనే రాకపోకలు మొదలయ్యాయి. వసేదా జెర్సీ మీది ముదురు ఎరుపు రంగు అక్షరాలు షికాగో మెరూన్ నుంచి వచ్చినవే. 1908లో అమెరికా నుంచి రీచ్ ఆల్ అమెరికన్ అనే జట్టు వచ్చినప్పుడు ఇంకో ఆచారం పుట్టింది. నవంబరు 22న, వసేదా సొంత మైదానం తొత్సుకాలో, ఓకుమా తొలి బంతి విసిరాడు. 1889 బాంబు దాడిలో కాలు పోగొట్టుకున్న ముసలాయన. బంతి ఎటో పోయింది. వదిలేస్తే బాల్, అంటే గురి తప్పిన బంతి, అవుతుంది, స్థాపకుడికి అవమానం. అందుకని వసేదా మొదటి బ్యాటర్ కావాలనే బ్యాట్ ఊపి తప్పాడు, పిచర్‌కు అనుకూలంగా స్ట్రైక్ అయింది. జపాన్‌లో నేటికీ ప్రారంభ బంతికి బ్యాటర్ ఖాళీగా బ్యాట్ ఊపుతాడు, కారణం ఇదే.

1910లో షికాగో జపాన్ వచ్చి వసేదాతో ఆడిన మ్యాచ్‌లన్నీ గెలిచింది. అప్పటి కెప్టెన్ తోబితా సుయిషూ బాధ్యత తనదేనని జట్టు వదిలేశాడు. 1919లో అదే తోబితా క్లబ్‌కు పూర్తికాలపు మేనేజర్‌గా తిరిగొచ్చాడు. వచ్చింది షికాగోను ఓడించడానికే. అతని సాధన పద్ధతిలో కేంద్రం ‘నొక్కు’: కోచ్ సన్నటి, తేలికైన బ్యాట్ పట్టుకుని, ఒక చేత్తో బంతి ఎగరేసి, ఫీల్డర్ అందుకోగలిగే దూరానికి సరిగ్గా ఒక్క అడుగు అవతలికి కొడతాడు. అందుకుంటే తర్వాతి బంతి ఇంకొంచెం అవతలికి. వంద దాటాక కాళ్లు కదలవు, ఫీల్డర్ చేతులు చాచి అందుకోవడానికి చూస్తాడు. అక్కడే దెబ్బ తింటాడు. బంతి దగ్గరికి పాదాలు వెళ్లకుండా చెయ్యి మాత్రమే వెళ్తే, ఎగుడుదిగుడు నేల మీద గెంతిన బంతి ముఖానికో ఛాతీకో తగులుతుంది. అలసటలో కూడా పాదాలు ముందు కదలడమే ఆ సాధన ఉద్దేశం. 1925లో వసేదా షికాగోను ఓడించింది. పని అయిపోయిందని తోబితా పదవి వదిలి పత్రికలో బేస్‌బాల్ విమర్శలు రాయడానికి వెళ్లిపోయాడు. తోబితా మాటల్ని జపాన్‌లో ఇప్పటికీ వేదంలా వల్లిస్తారు. అతని పద్ధతిని అర్థం చేసుకోకుండా అలసటను మాత్రమే అనుకరించిన కోచ్‌లు పాఠశాలల్లో ఎంతోమంది పిల్లల మోచేతులు పాడు చేశారు. అది తోబితా తప్పో వాళ్ల తప్పో తేల్చడం కష్టం.

అన్నట్టు, జపాన్‌లో మొదటి ప్రొఫెషనల్ జట్టు కూడా ఈ క్లబ్ వాళ్లదే. 1920లో కోనో, ఒషికావా, హషిదో కలిసి టోక్యోలోని షిబౌరాలో పెట్టారు. 1923 భూకంపం తర్వాత అది నిలవలేక తకరజుకాకు మారి, 1929లో మూతపడింది.

ఇక కూర్చునే వైపు సంగతి. 1933 అక్టోబరు 22, కేయోతో మూడో మ్యాచ్. ఆ రోజు వసేదా మద్దతుదారులు మూడో బేస్ వైపు ఉన్నారు. కేయో తరఫున మూడో బేస్ కాపాడే మిజుహారా వాళ్లకు కూతవేటు దూరంలో నిలబడ్డాడు. స్టాండ్స్ నుంచి చెత్త, పండ్లు వచ్చి పడుతున్నాయి. కొరికి పారేసిన ఆపిల్ ఒకటి అతను తీసి తిరిగి అటువైపు విసిరాడు. కేయో చివరి ఇన్నింగ్‌లో తిరగబడి 9-8తో గెలిచింది. మ్యాచ్ అవగానే వసేదా విద్యార్థులు మైదానంలోకి దూకారు, తోపులాటలో కేయో ప్రోత్సాహక బృందం నాయకుడి దండం మాయమైంది. దీన్నే ఆపిల్ గొడవ అంటారు. ఆ తర్వాత వసేదాకు మొదటి బేస్ వైపు, కేయోకు మూడో బేస్ వైపు అని ఖాయం చేశారు. కొట్లాట తగ్గించడానికి ఉన్న సులువైన మార్గం అదే: ఎవరు ఏ గేటు నుంచి వచ్చి ఎక్కడ కూర్చుంటారో ముందే తెలిస్తే జనం ఎదురుపడరు. అదే ఏడాది వేసవిలో తొత్సుకా మైదానంలో జపాన్‌లోనే మొదటిసారి దీపాల వెలుగులో మ్యాచ్ ఆడారు. ఆపిల్ ముందు అది ఎవరికీ గుర్తు లేదు.

1943 ఏప్రిల్‌లో ప్రభుత్వం లీగ్‌నే రద్దు చేయించింది. శరత్కాలానికి విద్యార్థులకు సైనిక సేవ వాయిదా కూడా పోయింది. యుద్ధానికి వెళ్లేముందు ఒక్క మ్యాచ్ ఆడించాలని కేయో అధ్యక్షుడు కొయిజుమి షింజో ప్రతిపాదించాడు. వసేదా అధికారులు వెనకాడారు, తోబితా వినలేదు. అక్టోబరు 16న, జింగూలో కాకుండా తొత్సుకాలో మ్యాచ్ జరిగింది. కొయిజుమి ప్రత్యేక ఆసనం వద్దని విద్యార్థుల మధ్య కూర్చున్నాడు. వసేదా 10, కేయో 1. అంత తేడాకు కారణం చాలా మామూలుది: లీగ్ రద్దయినా వసేదా ఆటగాళ్లు హాస్టల్‌లోనే ఉండి సాధన ఆపలేదు, కేయో ఆటగాళ్లు అప్పటికే ఊళ్లకు వెళ్లిపోయి హడావుడిగా తిరిగొచ్చారు. ఐదు రోజుల తర్వాత జింగూ పక్క మైదానంలో విద్యార్థి సైనికుల వీడ్కోలు కవాతు జరిగింది. ఆ రోజు ఆడినవాళ్లలో తిరిగిరానివాళ్లు ఉన్నారు.

1960 శరత్కాలపు వసేదా-కేయో పోరు గురించి చెప్పాలంటే ముందు పాయింట్ల లెక్క తెలియాలి. లీగ్‌లో ఆరు జట్లు, ఏటా వసంతంలో ఒక సీజన్, శరత్తులో ఒక సీజన్, పైకి కిందికి మారడాలు లేవు. ప్రతి జట్టూ మిగతా ఐదింటితో తలపడుతుంది. ఒక ప్రత్యర్థిపై ముందుగా రెండు మ్యాచ్‌లు గెలిచినవాళ్లకు ఒక పాయింటు. శని, ఆది ఆడతారు, చెరొకటి గెలిస్తే సోమవారం మూడోది. పాయింట్లు సమానమైతే గెలుపు శాతం చూస్తారు, అదీ సమానమైతే నిర్ణాయక మ్యాచ్. దీని వల్ల ఒక పెద్ద చిక్కు ఉంది. శనివారం ప్రధాన పిచర్ వేస్తాడు. ఆదివారం రెండో పిచర్ ఓడిపోతే సోమవారం మళ్లీ ఆ మొదటివాడే రావాలి, మధ్యలో ఒక్క రోజు విశ్రాంతితో. అంటే బిగ్ సిక్స్‌లో జట్టు నాణ్యత తెలిసేది మొదటి పిచర్‌తో కాదు, ఆదివారం వేసేవాడితో.

ఆ శరత్కాలంలో చివరి వారానికి కేయో 8 గెలుపులు, 2 ఓటములు, 4 పాయింట్లు. వసేదా 7 గెలుపులు, 3 ఓటములు, 3 పాయింట్లు. వసేదా వరసగా రెండు గెలిస్తే టైటిల్ దానిదే. 2-1తో గెలిస్తే ఇద్దరూ 9-4, సరిసమానం. జరిగింది అదే. నవంబరు 6న వసేదా 2-1, 7న కేయో 4-1, 8న వసేదా 3-0. 9న నిర్ణాయక మ్యాచ్ 11 ఇన్నింగ్స్ ఆడి 1-1, చీకటి పడి ఆపేశారు. 11న మళ్లీ 11 ఇన్నింగ్స్, 0-0. ఆ రోజు చివర్లో కేయో ఒక్క ఔట్ కూడా లేకుండా మూడు బేస్‌లూ నింపి కూడా పరుగు తీయలేకపోయింది. 12న వసేదా 3-1తో గెలిచింది. ఆరు మ్యాచ్‌లలో ఐదు పూర్తిగా వేసినవాడు అందో మోతోహిరో: ఏడు రోజుల్లో 49 ఇన్నింగ్స్, 564 బంతులు. జపాన్‌లో దీన్ని వీరగాథలా చెబుతారు. నాకైతే మేనేజర్ ఇషీ రెంజోకు నమ్మదగిన రెండో పిచర్ లేకపోవడం కూడా అందులో అంతే స్పష్టంగా కనిపిస్తుంది.

అప్పుడు అందోకు క్యాచర్‌గా ఉన్నవాడు నొమురా తోరు. అతనే నలభై ఏళ్ల తర్వాత మేనేజర్‌గా 2002 వసంతం నుంచి 2003 శరత్తు దాకా వరసగా నాలుగు టైటిళ్లు గెలిపించాడు. ఆ తరంలో ఎడమచేతి పిచర్ వాడా త్సుయోషి 476 స్ట్రైకౌట్లతో (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను ఔట్ చేయడం) లీగ్ రికార్డు పెట్టాడు, తోరితాని తకాషి, అఓకి నొరిచికా అప్పటి ఆటగాళ్లే. బ్యాటింగ్‌లో వాళ్లకన్నా ముందు తరంవాడు ఒకాదా అకినొబు: బ్యాటింగ్ సగటు .379 (వెయ్యి ప్రయత్నాలకు 379 హిట్లు చొప్పున), 81 పరుగులు తెప్పించాడు. ఈ అంకెలు చదివేటప్పుడు ఒకటి గమనించాలి. జపాన్ హైస్కూలు ఆటగాళ్లు 1974 నుంచి లోహపు బ్యాట్ వాడుతున్నారు, విశ్వవిద్యాలయంలో మాత్రం కర్ర బ్యాటే. లోహపు బ్యాట్‌తో పిడి దగ్గర తగిలిన బంతి కూడా ఇన్‌ఫీల్డ్ (బేస్‌ల మధ్య ఉన్న లోపలి మైదానం) దాటుతుంది. కర్రతో అయితే బ్యాట్ విరుగుతుంది, బంతి పిచర్ కాళ్ల దగ్గర ఆగుతుంది. హైస్కూల్లో హోమ్ రన్‌లు బాదినవాడు మొదటి ఏడాది ఇక్కడ తేలిపోవడానికి కారణం ప్రతిభ తగ్గడం కాదు, లోపలి వైపు బంతికి చేతులు చాచి ఊపే పాత అలవాటు.

2010 శరత్కాలంలో కేయో రెండు మ్యాచ్‌లూ గెలవడంతో కేయో, వసేదా మళ్లీ సమానమయ్యాయి. 1960 తర్వాత ఈ రెండింటి మధ్య మొదటి నిర్ణాయక మ్యాచ్ అది, సరిగ్గా 50 ఏళ్లకు. నవంబరు 3న సైతో యూకి ఎనిమిదో ఇన్నింగ్ దాకా ఒక్క హిట్ ఇవ్వలేదు, స్కోరు 7-0. అక్కడి నుంచి కేయో 7-5 దాకా లాగింది. చివరికి 10-5. ఈసారి వసేదా దగ్గర సైతోతో పాటు ఓఇషి తత్సుయా, ఫుకుయి యూయా ఉన్నారు. ఆ ఏడాది ప్రొఫెషనల్ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ప్రక్రియ) ముగ్గురూ మొదటి రౌండ్‌లోనే ఎంపికయ్యారు. 1960లో లేనిది సరిగ్గా ఇదే.

2020 శరత్కాలంలో మహమ్మారి వల్ల మూడో మ్యాచ్ తీసేశారు, ప్రతి ప్రత్యర్థితో రెండే మ్యాచ్‌లు, గెలుపుకు 1, డ్రాకు 0.5. కొమియామా సతోరు మేనేజర్‌గా ఉన్న వసేదా 7 గెలిచి 3 డ్రా చేసుకుంది, ఓటమి లేదు. చివరి మ్యాచ్‌లో తొమ్మిదో ఇన్నింగ్, రెండు ఔట్లు, కేయో 2-1 ముందు. హిరుమా తకుయా రెండు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. తర్వాత 2024 వసంతం, శరత్తు, 2025 వసంతం వరసగా వసేదావే. దాంతో మొత్తం లీగ్ టైటిళ్లు 49, ఆరింటిలో అన్నిటికన్నా ఎక్కువ.

తొత్సుకా మైదానానికి 1949లో అబే చనిపోయాక ఆయన పేరు పెట్టారు. 1987లో దాన్ని మూసి ఆ స్థలంలో కేంద్ర గ్రంథాలయం కట్టారు. జట్టు సాధన ఇప్పుడు హిగాషి ఫుషిమిలో. లీగ్‌లో తాజా మార్పు 2026 వసంతం నుంచి పిచర్‌కు బదులు వేరొకరు బ్యాటింగ్ చేసే డీహెచ్ పద్ధతి. ఇన్నాళ్లూ ఏడో ఇన్నింగ్‌లో ఒక్క పరుగు వెనకబడి, బేస్‌లో రన్నర్ ఉండి, పిచర్ బ్యాటింగ్ వంతు వస్తే మేనేజర్ తేల్చుకోవాల్సి వచ్చేది: బాగా వేస్తున్నవాణ్ణి తీసేసి మంచి బ్యాటర్‌ను పంపాలా, లేక ఔటయినా సరేనని వాడినే ఉంచాలా. ఆదివారపు పిచర్ బలహీనంగా ఉన్న జట్టుకు ఆ నిర్ణయం మరీ కష్టం. ఇప్పుడు ఆ ప్రశ్న రాదు. దాని బదులు మొదటి పిచర్‌ను తొమ్మిది ఇన్నింగ్స్‌లూ ఉంచేయాలన్న ఆశ ఇంకాస్త పెరుగుతుంది.